మెంతి పిండి, పేల దువ్వెన

నాకు పెళ్లయిన కొత్తలోనే బట్టతల వచ్చేసింది. ఇంట్లో దువ్వెనలు ఎక్కడుంటాయో కూడా నాకు తెలిసేది కాదు. అలాంటి నా చేతుల్లోకి మా అమ్మాయి జడ వచ్చి పడింది.

మా ఆవిడ వీసా స్టాంపింగ్ కోసం హైదరాబాద్ వెళ్లి అక్కడే ఇరుక్కుపోయింది. ఒక్క చిన్న పెట్టె సర్దుకుని వెళ్లిన మనిషి. అపాయింట్‌మెంట్ ఒకసారి క్యాన్సిల్ అయింది, ఇంకోసారి వాయిదా పడింది. ఆ తర్వాత ఎప్పుడో చెప్పేవాళ్లే లేరు. అమెరికాలో, ఇర్వింగ్‌లోని అపార్ట్‌మెంట్లో నేనూ, థర్డ్ గ్రేడ్ చదివే మా అమ్మాయీ మిగిలాం. వెళ్లేముందు ఆవిడ పిల్ల ఏడుపు మాన్పించడానికి, "నీ జడ నడుం దాటేలోపు వచ్చేస్తా" అంది. పిల్ల ఆ మాటను గట్టిగా పట్టుకుంది. ఆదివారం వీడియో కాల్‌లో వెనక్కి తిరిగి నిలబడి, "ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగేది. జడ పెరిగేకొద్దీ అమ్మ దగ్గరవుతోందని దాని లెక్క.

ఆ కాల్‌కి ముందు చేయాల్సిన పని కూడా ఆవిడే నాకు అప్పగించింది. ముందు రోజు నానబెట్టిన మెంతుల్లో పెరుగు వేసి మిక్సీలో రుబ్బి, పిల్ల తలకు పట్టించి, ఆరాక కడగాలి. నేను రుబ్బితే పిండి బరకగానే వచ్చేది. అయినా ఏ వారమూ మానలేదు.

ఒకరోజు ఆఫీసులో ఉండగా స్కూల్ నుంచి మెయిల్ వచ్చింది. క్లాసులో పేలు కనిపించాయట, అందరూ పిల్లల తలలు చూసుకోవాలట. సాయంత్రం బాల్కనీలో కూర్చోబెట్టి జుట్టు పాయ తీసి చూశాను. ఒకటీ రెండూ కాదు, ఊరంతా అక్కడే ఉంది.

కింది ఫ్లోర్‌లో ఉండే అక్క పైకి వచ్చి ఒక్క చూపు చూసి, తేల్చి చెప్పేసింది.

"గింత జుట్టు నువ్వొక్కనివి ఎట్ల సంభాళిస్తవ్ తమ్ముడూ? భుజాల కాడికి కటింగ్ చేపియ్యి. ఎంటికెలే గదా, మల్లొస్తయ్."

ఆమె మంచికే చెప్పింది, నాకూ అదే సబబు అనిపించింది. మా అమ్మాయి మాత్రం జడను రెండు చేతులతో ముందుకు లాక్కుని గుండెకు హత్తుకుంది. ఏడవలేదు.

"నాన్నా, కట్ చెయ్యద్దు. అప్పుడు అమ్మ ఎలా వస్తుంది?"

నాకు మొండితనం ఉంది. చిన్నప్పటి నుంచీ అందరూ నన్ను తిట్టింది దాని గురించే. ఈ జడ మీద కత్తెర పడనివ్వనని ఆ బాల్కనీలోనే నిశ్చయించుకున్నాను. పాపం, అంత దూరాన ఉన్నావిడను కంగారు పెట్టడం ఎందుకని ఆవిడకు చెప్పకూడదనీ అనుకున్నాం.

స్టోర్‌లో దొరికే మందు రాస్తే పిల్ల తల మంటెక్కి ఎర్రబడింది. డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే, అది మళ్లీ రాయొద్దు, జుట్టు బాగా జారేలా చేసి సన్నపళ్ల దువ్వెనతో ఓపిగ్గా దువ్వుతూ ఉండండి అంది నర్సు. ఓపిక అన్న మాట వినగానే నాకు ఒళ్లు మండింది. ఏదో ఒక దగ్గరి దారి ఉండకపోతుందా అని వంటింటి మీద పడ్డాను. వెనిగర్ పోస్తే పేలు నిక్షేపంగా ఉన్నాయి, మేమిద్దరం తుమ్ముతూ కూర్చున్నాం. గుడ్డు పట్టించి వేడినీళ్లతో కడిగాను. గుడ్డు తలమీదే ఉడికింది. వెంట్రుకల్లోంచి ఆ పొరటు ఏరేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మా అమ్మాయి టబ్‌లో కూర్చుని, "నాన్నా, ఆమ్లెట్!" అని పడీపడీ నవ్వింది.

చివరికి కొబ్బరినూనె, పేల దువ్వెన మాత్రమే మిగిలాయి. రోజూ ఆఫీసు నుంచి రాగానే బాల్కనీలో కూర్చునేవాళ్లం. నూనె దట్టంగా పట్టించి, పాయ తర్వాత పాయ దువ్వి, ప్రతిసారీ దువ్వెనను తెల్ల టిష్యూకి తుడిచి చూసేవాణ్ణి. మొదట్లో దువ్వితే పిల్ల కెవ్వుమనేది. పోనుపోనూ నా చెయ్యి తిరిగింది. కదిలే పేలు తగ్గాయి, ఆ తర్వాత కనిపించడమే మానేశాయి. ఈపులు, అదే వాటి గుడ్లు, మాత్రం తరగడంలేదు. వారమంతా దువ్వి తగ్గించానని సంతోషించేలోపే, సోమవారం సాయంత్రానికి మళ్లీ తెల్లగా, పచ్చగా చిన్నచిన్న చుక్కలు వెంట్రుకలకు అంటుకుని ఉండేవి. పేలు లేకుండా ఈపులు ఎక్కణ్ణుంచి పుడుతున్నాయో నా బుర్రకు తట్టలేదు.

అలా ఎన్ని సోమవారాలు గడిచాయో! నా మొండితనం కూడా నీరుగారిపోయింది. పిల్ల ఆటలు మానేసి నా ముందు కూర్చుంటోంది. క్లాసులో ఎవరి పక్కనా కూర్చోవడంలేదు. ఇంకా దాన్ని ఇలా హింసపెట్టడం ఏం న్యాయం? సెలూన్‌కి ఫోన్ చేసి టైమ్ బుక్ చేశాను. పిల్లకు చెబితే ఈసారీ ఏడవలేదు. కారెక్కి కూర్చుంది. అది ఏడ్చి ఉంటే నాకు కొంత తేలిగ్గా ఉండేది.

635 హైవే మీద వెళుతుండగా వెనక సీట్లోంచి గొంతు వినిపించింది.

"నాన్నా, ఇది జారుతోంది."

"ఏది?"

"ఈ వైట్ థింగ్. పట్టుకుంటే వచ్చేసింది. దీనికి సండే వాసన వస్తోంది."

సండే వాసన ఏమిటో అర్థం కావడానికి నాకు క్షణం పట్టింది. తర్వాతి ఎగ్జిట్‌లో దిగి, ఇండియన్ గ్రోసరీ ముందు పార్కింగ్‌లో కారు ఆపాను. ఎండలో పిల్ల వేలికొసన ఉన్న చుక్కను నా గోరుమీదికి తీసుకుని నలిపాను. మెత్తగా, పచ్చగా సాగింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

మెంతులు.

ఈపి వెంట్రుకను కరుచుకుని ఉంటుంది, లాగినా రాదు. ఇవి జారి వచ్చేస్తున్నాయి. నేను ఇన్నాళ్లూ కష్టపడి ఏరింది ఆదివారం నేను బరకగా రుబ్బి పట్టించిన మెంతి పిండినే. అక్కడే నిలబడి జుట్టంతా పాయలు తీసి చూశాను. సరుకుల బండ్లు తోసుకుంటూ పోయేవాళ్లు వింతగా చూశారు. చూసుకోనీ. ఒక్క ఈపి కూడా లేదు. పిల్లను అలాగే ఎత్తుకున్నాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. సెలూన్‌కి ఫోన్ చేసి రావడంలేదని చెప్పాను.

ఆ వారం ఆవిడకు అంతా చెప్పేశాను. ఫోన్‌ను మొహానికి దగ్గరగా పెట్టుకుని వింది. "నువ్వా? నువ్వు పేలు చూశావా?" అని నవ్వబోయి కళ్లు తుడుచుకుంది.

జడ నడుం చేరింది, ఇంకా దాటలేదు. అప్పుడే వీసా వచ్చింది. ఎయిర్‌పోర్టులో ఆవిడ స్కార్ఫ్ చుట్టుకుని వచ్చింది. పిల్లను వాటేసుకుని, జడ మీద చెయ్యి కొసదాకా నిమిరింది. ఇంటికి వచ్చాక స్కార్ఫ్ తీసింది. ఆవిడ జుట్టు మెడదాకానే ఉంది. పాపిట దగ్గర మాడు కనిపిస్తోంది.

"బెంగతో గుప్పెళ్లు గుప్పెళ్లు ఊడిపోయింది. చూడలేక కత్తిరించేసుకున్నా. పిల్ల చూస్తే భయపడుతుందని కాల్‌లో దాచాను" అంది మెల్లగా.

మా అమ్మాయి తల్లి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, మెడ దగ్గర జుట్టు చివర్లు వేళ్లతో ముట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "నాన్నా, మెంతులు నానబెట్టు" అంది.

ఆదివారం పొద్దున పిండిని మెత్తగా రుబ్బి, ఉతికిన పంచె ముక్కలో వేసి వడకట్టాను. మా అమ్మాయి సోఫా మీద కూర్చుని, తల్లిని కింద తన ముందు కూర్చోబెట్టుకుంది. చిన్న చేతులతో పాయలు తీసి పట్టిస్తూ, నేను దాంతో అనే మాటనే అంది.

"కదలద్దు అమ్మా."

"సరే."

"నీ జడ నడుం దాటేదాకా ఎక్కడికీ వెళ్లద్దు."

మళ్లీ ఎప్పుడో వీసా స్టాంపింగ్‌కి వెళ్లక తప్పదని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. ఆవిడ నా వైపు ఒకసారి చూసి, కళ్లు మూసుకుని పిల్ల ఒళ్లోకి తల వాల్చి, "వెళ్లను" అంది.