కల్వకుర్తి ప్రింటర్‌ను ఎవరినడిగి తీసేశారు?

పొద్దున వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు. మేం కొందరం కలిసి తెలుగు టైపింగ్ ప్రోగ్రామ్ ఒకటి రాసి, కోడ్‌తో సహా అందరికీ ఉచితంగా పంచుతున్నాం. మొన్ననే కొత్త వెర్షన్ ఫ్లాపీల్లో పంపాం.

ఈ రోజు కల్వకుర్తి నుంచి యూసుఫ్ భాయ్ బస్సెక్కి జడ్చర్లలోని మా కంప్యూటర్ సెంటర్‌కు వచ్చాడు. ఆయనది పెళ్లిపత్రికలు అచ్చువేసే చిన్న దుకాణం. కొత్త వెర్షన్ వేసుకున్నాక ఆయన పాత ప్రింటర్ ఒక్క అక్షరం కూడా కొట్టడం లేదట. చూస్తే, ఆ ప్రింటర్‌ను నడిపే కోడ్ మొత్తం మాయం. తీసేసింది మాలో ఒకడైన రమేశ్.

"గా ప్రింటర్లు ఇప్పుడెవరు వాడుతున్నరక్కా? పాత చెత్త ఎన్నొద్దులు మోస్తం?" అన్నాడు.

"ఎవరినన్న అడిగినవా?"

"అడిగేదేముంది? నా దగ్గరైతే లేదు."

యూసుఫ్ భాయ్ మధ్యలో అందుకున్నాడు. "తీసెయ్యి బిడ్డా, వద్దంటలేను. జర ముందుగాల చెప్తే పాతదే ఉంచుకుందును గద. లగ్గమోళ్లు దుకాణం ముందర కూసున్నరు."

రమేశ్ టీ తెస్తానని బయటికి వెళ్లిపోయాడు. పాత వెర్షన్‌లోని ఆ కోడ్‌ను నేనే వెతికి మళ్లీ చేర్చి, ఫ్లాపీ చేతికిచ్చి ఆయన్ను మధ్యాహ్నం బస్సెక్కించాను.

పాత కోడ్‌ను ఎప్పటికీ మోయాలని నేనూ అనను. కానీ అది ఎవరికి అన్నం పెడుతోందో కనుక్కోకుండా తీసేస్తే ఒళ్లు మండదా?

సాయంత్రం రమేశ్ మళ్లీ అడిగాడు. "మరి ఎప్పుడు తీద్దామక్కా?"

"యూసుఫ్ భాయ్ కొత్త ప్రింటర్ కొన్ననాడు," అన్నాను.

మీరైతే ఏమనేవారు?