రేకుపెట్టెకు మిగిలిన ముడి

ప్రపంచంలో ప్రతి ఇబ్బందికీ ఎక్కడో ఒక పుస్తకంలో ఉపాయం రాసే ఉంటుందని నేను గట్టిగా నమ్మిన రోజులవి. మా ఓడలరేవు నుంచి ఆటోలో అమలాపురం వెళ్ళి, గ్రంథాలయం తలుపులు మూసేదాకా చదివి, తిరుగు ఆటోలో చేపల బుట్టల మధ్య కూర్చుని, చదివిందంతా పక్కనున్న ఆడవాళ్ళకి అప్పజెప్పేదాన్ని. (వాళ్ళు అడక్కుండానే. ఒకావిడైతే నన్ను చూడగానే తర్వాతి ఆటో కోసం ఆగిపోయేది.) కాకినాడలో డిగ్రీ సీటూ, హాస్టల్లో ఓ మంచమూ దొరికేయని తెలిసిన రోజున కూడా నేను పరిగెత్తింది గ్రంథాలయానికే. గది ఎలా సర్దుకోవాలో చెప్పే, అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి కనబడింది. చదువుకునే బల్ల మీద వెలుతురు ఎడమ భుజం మీదుగా పడాలి, కిటికీ తెరల రంగు గోడ రంగుతో కలవాలి, పూలకుండీ మూలన ఉండాలి. అన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నాను. అది బంగళాలున్నవాళ్ళ కోసం రాసిన పుస్తకమన్న సంగతి నాకు తట్టనేలేదు.

నాన్న సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. వేసవిలో వేట ఆపేసే రెండు నెలలూ ఇంటి అరుగు మీద కూర్చుని వలలు బాగుచేసుకుంటూ ఉండేవాడు. ఆ పక్కనే కూర్చుని నా జాబితా అంతా చదివి వినిపించేను. చేతిలో పని ఆపకుండానే విన్నాడు.

"ఎడం భుజమే ఎందుకమ్మా?"

"కుడిచేత్తో రాస్తాం కదా నాన్నా, నీడ అక్షరాల మీద పడకుండా."

"ఆయ్, నిజమే సుమా!" అని ఎంతో మురిసిపోయి అడిగేడు. "అన్నీ బానే ఉన్నాయి గానీ, తాడేదమ్మా?"

"తాడెందుకు?"

"ఎందుకంటావేంటి? కొత్తచోటికి సామాన్లు పట్టుకెళ్తా తాడు లేకుండా ఎల్తావా?"

నేను నవ్వేను. చదువుకోని మనిషి అనుకున్నాను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, అచ్చంగా అదే మాట అనుకున్నాను.

చేరిన రోజున మాత్రం తండ్రుల్ని మేడమీదికి రానిచ్చేరు. రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని నాన్న, నోటుపుస్తకం గుండెలకి హత్తుకుని నేను ఎక్కేం. నాలుగు మంచాలు, తలుపుల్లేని నాలుగు బీరువాలు, ఒకటే కిటికీ. బల్ల లేనేలేదు. నాకొచ్చిన మూల మంచం మీద కూర్చుంటే వెలుతురు నా పాదాల దాకా వచ్చి ఆగిపోయింది. ఎడమ భుజం ఎటు పెడితే బాగుంటుందా అని నేను గది మధ్యన గుండ్రంగా తిరుగుతుంటే వార్డెనమ్మగారు తొంగిచూసి, "ఏం పోయిందమ్మా?" అన్నారు.

"వెలుతురండీ" అన్నాను.

ఆవిడ నన్నోసారి పైనించి కిందికి చూసి, సంతకాలు పెట్టాలి రమ్మని కిందికి తీసుకుపోయేరు.

నేను తిరిగొచ్చేసరికి నాన్న పని పూర్తిచేసేసేడు. పెట్టెని మంచం కోడుకి కట్టేడు. బకెట్టుని పెట్టెకి, మగ్గుని బకెట్టుకి, నేను తెచ్చుకున్న టేబుల్ లైటుని కిటికీ ఊచకి కట్టేడు. అంతా పడవలో వాడే పచ్చ నైలాను తాడే. మంచం పైన గోడకున్న రెండు మేకుల నుంచి చిన్నకళ్ళ కొత్త వల ఒకటి ఉయ్యాలలా వేలాడుతోంది, అందులో నా పుస్తకాలు. వేసవంతా అరుగు మీద కూర్చుని అల్లింది అదన్నమాట. నేను పడవ వల అనుకున్నాను. ఇంకా కాస్త తాడు మిగిలితే, కిటికీలో పక్కమంచం అమ్మాయి పేర్చుకున్న సెంటు సీసాలు కూడా వరసగా కట్టేసేడు. ఆ అమ్మాయి (అప్పటినుంచీ మాకు సెంటుసీసా) నోరు తెరుచుకుని చూస్తోంది.

"గాజువి కదమ్మా, దొర్లిపోతాయని" అన్నాడు నాన్న ఆ పిల్లతో, చాలా మర్యాదగా. నాతో, "పడవలో కట్టకుండా ఏదన్నా ఉంచితే అది మనకి మిగలదమ్మా. ఇక్కడ నువ్వొక్కదానివే ఉంటావాయె" అన్నాడు. నేల మీద గదులు దొర్లవని చెబుదామనుకున్నాను. ఈలోగా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరేడు.

ఆయన మెట్లు దిగేడో లేదో సెంటుసీసా మొదలెట్టింది. "ఏమే, మన గది ఎన్నింటికి బయల్దేరుతుంది?" తక్కిన ఇద్దరూ పడీపడీ నవ్వేరు. మర్నాడు స్నానానికి మగ్గు ఎత్తితే బకెట్టు వచ్చింది. బకెట్టు లాగితే పెట్టె వచ్చింది. పెట్టె వెనకాల మంచం కిర్రుమంటూ కదిలింది. ఆ ముళ్ళు విప్పడం నా వల్ల కాలేదు. సాయంత్రానికి మేడమీదున్న పిల్లలందరికీ మాది పడవ గది అయిపోయింది. భోజనాల దగ్గర ఎవరో ఒకరు "లంగరెత్తేరా?" అని అడిగేవారు.

శనివారం నాడు బ్లేడు తెచ్చి అన్నీ కోసేసేను. తాళ్ళతోపాటు వల కూడా. పెట్టె పిడికున్న ముడి దగ్గరికొచ్చేసరికి బ్లేడు విరిగింది. అది ఒక్కటీ ఉండిపోయింది.

రెండో ఆదివారం నాన్న వచ్చేడు. ఈసారి పైకి రానివ్వరు కాబట్టి కింద బల్ల మీద కూర్చున్నాం. "తాళ్ళు గట్టిగా ఉన్నాయామ్మా? గాలి ఎక్కువగా ఉంటంది" అన్నాడు.

నాకు నోట్లోకి అబద్ధం ఎంత తొందరగా వచ్చిందో. "వార్డెనమ్మగారు విప్పించేసేరు నాన్నా. రూలంట."

నాన్న గభాలున లేచి, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, నేను ఆపేలోపల ఎదురుగా కుర్చీలో ఉన్న వార్డెనమ్మగారి ముందు నిలబడ్డాడు. "తప్పయిపోయిందండీ అమ్మగారూ. రూలు తెలీక తాళ్ళు కట్టి మిమ్మల్ని ఇబ్బంది పెట్టేనండి. పిల్లనేమీ అనకండి."

"తాళ్ళేమిటండీ? నేనేం విప్పించలేదే!" అన్నారావిడ.

నాన్న నా వైపు ఒక్కసారి చూసేడు. ఒక్కసారే. ఆ తర్వాత ఆవిడ వైపు తిరిగి పెద్దగా నవ్వేసేడు. "ఆయ్, కాదులెండి. ఎల్లేటప్పుడు నేనే విప్పుకుపోయేనండి. వయసయిపోతంది, గురుతుండట్లేదు." ఆవిడ నవ్వేరు. నేను కూడా నవ్వేను. నా జీవితంలో వెనక్కి తీసుకోవాలనుకునే నవ్వు అదొక్కటే.

ఆయన సంచిలో ఇంకో పచ్చతాడు చుట్ట ఉంది. నాకు కనబడిందని తెలిసి మెల్లిగా తువ్వాలు కప్పేడు. బస్సెక్కేముందు అడిగేడు. "వెలుతురు ఎడం భుజం మీదే పడతందా అమ్మా?"

"పడుతోంది నాన్నా" అన్నాను.

ఆ తర్వాత ఆయన ఎప్పుడూ తాళ్ళ ఊసెత్తలేదు, నేనూ ఎత్తలేదు. చెబుదాం, చెబుదాం అనుకుంటూ ఉండగానే నా ఉద్యోగం వచ్చిన ఏడాది జ్వరంతో మంచాన పడి, పది రోజుల్లో వెళ్ళిపోయేడు. సముద్రం చేయలేనిది ఒక జ్వరం చేసింది.

ముళ్ళు వేయడం మీద కూడా పుస్తకాలున్నాయని ఈమధ్యే తెలిసింది. (నేను మారలేదు.) బొమ్మలు ముందు పెట్టుకుని నెలరోజులు సాధన చేసేను. నా ముడి ప్రతిసారీ జారిపోతుంది. పెట్టె పిడికున్న నాన్న ముడి మాత్రం రంగు వెలిసినా బిగి సడల్లేదు. ఇప్పుడు అద్దెగదిలో నాకో బల్ల ఉంది, కిటికీ ఉంది. పొద్దున్నే రాసుకోవడానికి కూర్చుంటే, నోటుపుస్తకం పట్టుకుని గదిలో గుండ్రంగా తిరిగిన ఆ మహా పండితురాలు గుర్తొచ్చి నవ్వొస్తుంది. కాలి దగ్గరున్న రేకుపెట్టె వైపు చూస్తాను.

పడుతోంది నాన్నా, ఎడం భుజం మీదే. ఈసారి నిజంగానే.