కెయికో ఆంటీ ఇంట్లో థాంక్స్‌గివింగ్

ఇవాళ ఆఫీస్ కెఫెటీరియాలో జపనీస్ మీసో సూప్ వాసన తగలగానే బాతెల్ ఊళ్లోని మా పాత అపార్ట్‌మెంట్ గుర్తొచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఈ దేశంలోనే పెరిగిన మన ఈడు వాళ్లకు గుర్తుందా, థాంక్స్‌గివింగ్ సెలవులయ్యాక క్లాసులో అందరూ పండగకి తిన్న టర్కీ కోడి కబుర్లే చెప్పేవారు? మన దగ్గర చెప్పడానికేమీ ఉండేది కాదు.

ఆ ఏడు పక్కింటి జపనీస్ ఆవిడ కెయికో ఆంటీ అమ్మనీ నన్నూ పండగ భోజనానికి పిలిచింది. అమ్మ మాంసం, చేపలు ముట్టదు. "మర్యాదకి వచ్చి కూర్చుంటాన్లే, నువ్వు తిను" అంది. అందరి మధ్యా అమ్మ ఖాళీ ప్లేటుతో కూర్చుంటుందని నాకు ఒకటే బెంగ.

టేబుల్ మీద టర్కీ, మాష్డ్ పొటాటో, వాటి పక్కనే నల్లటి గిన్నెల్లో పొగలు కక్కుతున్న మీసో సూప్. అమ్మ నా చెవిలో "ఇందులో చేప ఉంటుందేమోనే" అంది. నేను ఇంగ్లీషులో అడిగేశాను. ఆంటీ నవ్వింది.

"మీ అమ్మ తినదని తెలుసు. తనకి విడిగా చేశాను. చేప బదులు సముద్రపు నాచు నిన్నటి నుంచి నానబెట్టాను."

ఆ మాటలు అమ్మకు తెలుగులో చెప్పాను. అమ్మ గిన్నెను రెండు చేతులతో అందుకుని, ఆఖరి చుక్క దాకా తాగింది. ఆ తర్వాత, ఎవరింట్లోనూ ఏదీ అడగని మా అమ్మ, తనకొచ్చిన కాస్త ఇంగ్లీషులో అడిగింది:

"వన్ మోర్, ప్లీజ్."