చైనా బొమ్మకు చిన్నబాబు చెప్పిన కథ

నందిగామలో మైకు పట్టుకున్నవాళ్ళలో చిన్నబాబు అంత తెలియనివాణ్ణి నేను చూడలేదు. తెలియకపోవడం తప్పు కాదు. తెలియదన్న సంగతి బయటపడకుండా ఏళ్ళ తరబడి నెట్టుకురావడానికి మాత్రం తోలు మందంగా ఉండాలి. అది అతనికి పుట్టుకతోనే వచ్చింది.

వీరులపాడు దగ్గర ఐదెకరాల మెట్ట, దాన్ని దున్నే అన్న, మడత నలగని తెల్లచొక్కా. ఇవీ అతని ఆస్తులు. జగన్నాథరావు గారి సినిమాహాల్లో అతనికో పని ఉండేది. పరాయి భాష బొమ్మ వచ్చినప్పుడు తెర పక్కన స్టూలు వేసుకుని మైకులో కథ తెలుగులో చెప్పాలి. డెబ్బైల చివర్లో చైనా కొట్లాట బొమ్మలు వరసగా వచ్చేవి. మాటలు చైనా భాషలో ఉండేవి, కింద తెల్ల అక్షరాలతో ఇంగ్లీషు పడేది. బి.ఏ. పాసయిన చిన్నబాబు ఆ ఇంగ్లీషు చదివి చెబుతున్నాడని హాలంతా నమ్మేది. బి.ఏ. సంగతి చెప్పింది కూడా అతనే.

నేనప్పుడు గ్రంథాలయంలో గుమాస్తాని. ఆదివారం మ్యాట్నీకి బెంచీ క్లాసులో, ఆడవాళ్ళ క్లాసుకు అడ్డంగా కట్టిన పొట్టి గోడ పక్కన కూర్చునేవాణ్ణి. అతను చెప్పేదానికీ తెర మీది అక్షరాలకీ ఏ సంబంధమూ లేదని నాకు రెండో బొమ్మకే తెలిసిపోయింది. ఏ కాలమైనా, ఏ ఊరైనా అతని కథ ఒక్కటే. హీరో తండ్రిని విలన్ చంపాడు, హీరో పగ తీర్చుకుంటాడు. టీ అమ్మేవాడు తెర మీద కనపడినా ‘ఇతడే తండ్రిగారి ప్రాణస్నేహితుడు’ అనేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఎనభై ఒకటిలో అతనికి జగ్గయ్యపేట సంబంధం వచ్చింది. పిల్ల పేరు ప్రమీలారాణి, ఇంటరు చదివింది. చదువుకున్నవాణ్ణే చేసుకుంటానని ముందే చెప్పిందట. పెద్దవాళ్ళ మధ్య మాటలన్నీ అయిపోయాయి, పిల్ల సరేననడమే మిగిలింది. పెళ్ళిచూపులకు ముందు పిల్లవాణ్ణి పనిలో ఉండగా ఒకసారి చూసి రావడం వాళ్ళింట్లో ఆనవాయితీ. రైతయితే గట్టు మీద నిలబడి చూస్తారు, కొట్టువాడైతే ఏదో కొనే మిషతో వెళతారు. ఇతని పని హాల్లో కాబట్టి మేనత్త రాఘవమ్మ పిల్లను వెంటబెట్టుకుని మ్యాట్నీకి వచ్చింది. సంగతి చిన్నబాబుకు ముందే అందింది. ఆ రోజు సెంటు పూసుకొచ్చాడు. మైకుక్కూడా పూశాడని ఆపరేటరు సొలొమోను అందరికీ చెప్పాడు.

బొమ్మ పాతకాలం చైనాది. ఒక సేనాపతి కూతురు కత్తిసాములో ఆరితేరింది. తనను మించిన వీరుణ్ణే చేసుకుంటానని ఆమె పంతం. పనీపాటా లేని పడుచువాడొకడు, కొండ మీద పన్నెండేళ్ళు సాము చేసిన గురువునని చెప్పి ఆ ఇంట్లో చేరతాడు. వాడికి కత్తి ఎటు పట్టుకోవాలో తెలియదు. ఆ సంగతి ఆమె మొదటి రోజే కనిపెట్టి, తెలియనట్టే వాణ్ణి ఆడిస్తుంది. గొప్ప బొమ్మేమీ కాదు. గాల్లో ఎగిరేవాళ్ళ నడుములకు కట్టిన తీగలు బెంచీ క్లాసు దాకా కనపడుతున్నాయి.

మైకు మోగింది. “తండ్రి చితి మీద ప్రమాణం చేసి వచ్చిన మహావీరుడు ఇతడే! ఇతని కత్తికి ఎదురులేదు!”

తెర మీద మహావీరుడు తన కత్తి తనే తొక్కుకుని నీళ్ళతొట్టిలో పడ్డాడు.

గోడ అవతల ఒక ఆడపిల్ల గొంతు వినపడింది. “అత్తా, తండ్రీ లేడు, చితీ లేదు. ఈ ఇంట్లో వంట బాగుంటుందని వచ్చాట్ట.”

“నీకెట్టా తెలుసే?”

“కింద రాస్తున్నాడుగా.”

ఆమె వెనక నుంచి ఇంకో ఆవిడ అంది. “గట్టిగా చదువు తల్లీ, ఆ మైకు గోల మాకెందుకు!”

ఆమె చదవసాగింది. ఆడవాళ్ళు విరగబడి నవ్వసాగారు. గోడకు ఇటువైపు మగవాళ్ళు మైకు మాట నమ్మి, హీరో పగ తమదే అన్నట్టు పళ్ళు నూరుతున్నారు. ఆ నవ్వులు తనను మెచ్చుకుని నవ్వినవే అనుకుని చిన్నబాబు ఆడవాళ్ళ వైపు తిరిగి ఒకసారి క్రాపు సర్దుకున్నాడు.

ఇంటర్వెల్లో రెండు సోడాలు పట్టుకుని వరండాలోకి వచ్చాడు. “నమస్కారమండి. బొమ్మ అర్థమవుతోందాండి?”

“రెండు రకాలుగా అవుతోంది నాయనా,” అంది రాఘవమ్మ. “ఆ పిల్లాడి నాన్న నిజంగా చచ్చిపోయాడా?”

“ఘోరంగా చంపారండి.”

“అసలా నాన్నే లేడంటోంది మా పిల్ల.”

“ఆ ఇంగ్లీషు తప్పండి! చైనా వాళ్ళ సంగతి ఇంగ్లీషు వాళ్ళకేం తెలుసు? నేను డైరెక్టుగా చైనా మాటలు వినే చెప్తున్నా.”

ప్రమీలారాణి నవ్వలేదు. బొమ్మతోపాటు వచ్చిన ఇంగ్లీషు కథ కాగితం గోడకు అంటించి ఉంటే దాన్ని చూపించింది. “మూడో లైన్లో ఒక మాట నాకు తెలియలేదండి. కాస్త చదివి చెప్తారా?”

చిన్నబాబు కాగితం దగ్గరికి వంగి కళ్ళు చిట్లించాడు. “కళ్ళజోడు ఇంటి దగ్గర మర్చిపోయా.”

అతనికి కళ్ళజోడు లేదు, ఎప్పుడూ లేదు.

ఆమె గొంతు తగ్గించింది. “చదవడం రాకపోతే రాదని చెప్పండి. మా నాన్నకీ రాదు. దానికేముంది?”

ఇన్నేళ్ళలో అతనితో ఎవరూ అంత మెత్తగా మాట్లాడి ఉండరు. ఒక్క మాట ఒప్పుకుంటే ఆ పిల్ల దక్కేదని పక్కనే ఉన్న నాకే తెలిసింది.

“రాకపోవడమేందండీ!” అన్నాడు చిన్నబాబు. “బి.ఏ.లో ఇంగ్లీషు ఫస్టు నేను!”

“సరేనండి. పదత్తా, బెల్లు కొట్టారు.” సోడాలు అతని చేతుల్లోనే ఉండిపోయాయి.

ఆ తరవాత మైకు సౌండు రెట్టింపయింది. చివరి రీల్లో పడుచువాడు కత్తి ఆమె పాదాల దగ్గర పెట్టి నేలకు తల ఆనించాడు. గోడ అవతల నుంచి మాటలు వచ్చాయి. “గురువునీ కాదు, వీరుణ్ణీ కాదు, నీకు అబద్ధం చెప్పా అంటున్నాడు.” ఈసారి ఆడవాళ్ళెవరూ నవ్వలేదు. సేనాపతి కూతురు వాణ్ణి చెయ్యిచ్చి లేవదీసింది.

“పగ తీరింది!” మైకు అరిచింది. “విలన్ చచ్చాడు!”

“విలనేడయ్యా చిన్నబాబూ?” అన్నారు నేల క్లాసు నుంచి.

“తెర అవతల చచ్చాడు!”

ఆ జవాబుక్కూడా చప్పట్లు కొట్టారు మా మగవాళ్ళు.

గేటు దగ్గర రాఘవమ్మ మేనకోడల్ని అడగడం విన్నాను. “ఏమంటావే?”

“సినిమాలో వాడు నయమత్తా. చివరికైనా చెప్పేశాడు.”

మూడో రోజున జగ్గయ్యపేట నుంచి వద్దన్న కబురు వచ్చింది. నాలుగో రోజున హాలు ఎదుట టీకొట్టులో చిన్నబాబు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. “నేనే వద్దన్నా. హాల్లో అంతమంది మధ్య నోరు తెరిచే పిల్ల సంసారానికేం పనికొస్తుంది?”

నిజమే, నిజమే అన్నారందరూ. నీకు చైనా భాష కూడా వచ్చంట కదా అని ఒకడు ముచ్చటపడ్డాడు. చిన్నబాబు గొంతు సవరించుకుని నోటికొచ్చిన కూతలు నాలుగు కూశాడు. తరవాత నా వైపు తిరిగాడు. “ఏవండీ గుమాస్తా గారూ, మీరు పుస్తకాలు చదివేవారు. మీరు చెప్పండి, కరెక్టేనా?”

అందరూ నా వైపు చూశారు. టీ వేడిగా ఉంది.

“కరెక్టే,” అన్నాను.