ముసుగు వెనక మాటలు

సినిమాల మీద సోమలింగం మాస్టరుతో వాదించి గెలిచిన మనిషి సూరత్ గోడాదరా పేటలో ఇంకా పుట్టలేదు. పుట్టినా ఆయన గెలవనిచ్చే రకం కాదు. మాస్టరంటే బడిపంతులనుకునేరు, మొండికేసిన మరమగ్గాన్ని దారికి తెచ్చేవాణ్ణి సూరత్‌లో మాస్టరనే అంటారు. పంతొమ్మిదేళ్ల వయసులో సిరిసిల్ల నుంచి వచ్చి, ముప్పై తొమ్మిదేళ్లుగా ఆ మగ్గాల మధ్యనే బతుకుతున్నాడు. మగ్గానికి అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకొని, ఎక్కడ బోల్టు వదులైందో చెప్పేస్తాడు. మాస్టరు చెవి బంగారమని కార్ఖానాలో కారిగర్లు, అంటే మగ్గం నడిపే పనివాళ్లు, చెప్పుకుంటారు. చెప్పింది చెవి కాదు, చెయ్యి అని ఆయన ఒక్కనాడూ దిద్దలేదు. దిద్దడానికి మనసొప్పలేదు, అంతే.

మగ్గాలు ఆడుతుంటే పక్కమనిషి అరిచినా వినబడదు. పెదాలు చూసి మాట పట్టుకోవడం కార్ఖానాలో అందరికీ అలవాటే. ఆ అలవాటు ఎంత ముదురుతుందంటే, మాట విన్నామో చూశామో కొన్నాళ్లకు మనిషికే తెలియదు. సోమలింగానికీ చాలాకాలం తెలియలేదు. తెలిశాక తెలియనట్టు ఉండిపోయాడు. టీవీ సౌండు ఏటేటా పెరుగుతోంది. ఫోన్ మోగితే భార్య స్వరాజ్యం ఎత్తుతుంది. ఆవిడ వంటగదిలోంచి పిలవడం ఎప్పుడో మానేసి, గరిటె చేత్తో పట్టుకొని ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడుతుంది. నా పెళ్లానికి నేనంటే ఎంత మర్యాదో అని మురిసిపోయాడు పెద్దమనిషి!

ఆదివారం పొద్దున పద్మశాలి సంఘం హాలు ముందు, చాయ్ బండి దగ్గర ఆయన దర్బారు. కొత్తగా వచ్చిన ప్రతి పెద్ద సినిమానూ అక్కడ చీల్చి చెండాడేవాడు.

"సినిమా అంటే మాటరా. ఇంటికి పోయినంక గూడ మాట యాదికి రావాలె. గిప్పటియి ఏమున్నయి? ఒక్కడు ఎగురుతడు, వందమంది పడతరు. ఒట్టి లొల్లి!" అనేవాడు.

"పన్నెండు గంటలు మగ్గం ముంగట నిలబడ్డోనికి రెండు గంటలు ఎగిరేటోడు కావాలె మాస్టరూ. ఏం తప్పు?" అని అడిగాడు ఓసారి పరమేశ్వర్ అనే కుర్ర కారిగర్.

"కార్ఖానల లొల్లి సాలక పైసలిచ్చి ఇంకింత లొల్లి కొనుక్కుంటవా? హీరో అన్నోడు ముఖం సూపెట్టి మాట్లాడాలె. రేకు ముసుగేసుకొని తిరిగేటోడు హీరో ఎట్లయితడు?"

అందరూ నవ్వారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, వాదనలో కొంత నిజం లేకపోలేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

సంఘం ఏడాదికొకసారి ఒక పూట థియేటరు మాట్లాడుకొని కుటుంబాలన్నిటికీ సినిమా చూపిస్తుంది. ఏ సినిమా అన్నది పదేళ్లుగా సోమలింగం మాటే, ఎప్పుడూ పాత తెలుగు సినిమానే. ఈసారి మాత్రం తమ్ముడు శ్యాంసుందర్ కూతురు సింధూజ అడ్డు నిలిచింది. ఇరవై రెండేళ్ల పిల్ల, చీరల మార్కెట్లో ఆన్‌లైన్ ఆర్డర్లు చూస్తుంది. రెండేళ్ల కిందట తల్లి పోయింది. అమ్రోలిలో తండ్రీ కూతురూ ఇద్దరే ఉంటారు.

"కొత్తగ వచ్చిన ముసుగు హీరో హిందీ సినిమా వేద్దాం పెద్దబాపూ," అంది చాయ్ బండి దగ్గర, అందరి ముందూ. "ఆయన ఎగురుడు చూడకు. ఎందుకు ఎగురుతుండో చూడు. ఆఖరికి వాళ్లమ్మతోని మాట్లాడే సీను ఉంది, నేను ఏడ్చిన."

అక్కడితో ఊరుకోవచ్చు. పిల్ల కదా, సరే చూద్దాంలే అనవచ్చు. కానీ చుట్టూ జనం చేరారు, ఆయన నాలుక మీద అప్పటికే ఒక మాట సిద్ధంగా ఉంది, దాన్ని మింగడం ఆయనకు చేతకాలేదు.

"సూసిన్రా! కన్నతల్లి సచ్చిపోతే కంట్లకెళ్లి సుక్క రాలని పోరి, రేకు ముఖపోడు ఎగిరితే ఏడ్సిందట!"

ఒక్కరూ నవ్వలేదు. బండివాడు కూడా గ్లాసులు కడగడం ఆపాడు. సింధూజ ముఖం తెల్లబోయింది. అనకుండా ఉండాల్సిందని అన్న మరుక్షణమే సోమలింగానికి తెలిసింది గానీ, మాట వెనక్కి తీసుకునే మనిషా ఆయన?

"వచ్చే ఆదివారం నాతోని వచ్చి సూడు," అంది సింధూజ. "సూసినంక కూడ దాంట్ల ఏం లేదని హాల్ల అందరి ముందట చెప్తే, నీ సినిమానే వేద్దాం. నేను మళ్ల నోరెత్త. నచ్చితే మాత్రం, గదే హాల్ల నువ్వు అన్న మాట వాపస్ తీసుకోవాలె."

"తీసుకుంటగాని పద," అన్నాడాయన.

థియేటర్లో ఆయనకు అటు స్వరాజ్యం, ఇటు సింధూజ కూర్చున్నారు. మొదటి రెండు గంటలూ ఆయన అనుకున్నట్టే సాగాయి. కుర్చీ అదిరింది, గుండెల్లో మగ్గాలాడాయి. ముసుగు మనిషి మేడల మీంచి దూకాడు, బస్సులు ఎత్తాడు. నేను చెప్పలేదా అన్నట్టు సోమలింగం చేతులు కట్టుకొని వెనక్కి వాలాడు.

తర్వాత ఆ సీను వచ్చింది. ఆస్పత్రి మంచం మీద ముసలితల్లి. పక్కన ముసుగు తీయకుండానే నిలబడ్డ కొడుకు. కుర్చీ అదరడం ఆగిపోయింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు. కొడుకు అట్లాగే నిలబడి ఉన్నాడు, రేకు ముఖం కదలదు, మెదలదు. చివరికి తల్లి పెదాలు కదిలాయి. "ముఝే పతా థా, బేటా" అన్నదామె. ఆ ముక్క ఆయనకు స్పష్టంగా అందింది. నాకు ముందే తెలుసు, కొడుకా!

దొరికిపోయింది సినిమా అనుకున్నాడు సోమలింగం. ఆనందం పట్టలేక కార్ఖానా గొంతుతో అరిచాడు:

"ఏం తెలుసట? ఎవ్వడేం చెప్పిండని తెలుసట? ఐదు నిమిషాల సంది మూగోని లెక్క నిలబడ్డడు గద వీడు!"

ముందు వరసలన్నీ వెనక్కి తిరిగాయి. తెర వెలుగులో ఆ ముఖాలు కనబడ్డాయి. ఒక పెద్దావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. మీసాల మగవాడొకడు తడి చెంపలతో ఆయన్ను తినేసేలా చూస్తున్నాడు. ఏమీ చెప్పని సీనుకు ఇంతమంది ఎందుకు ఏడుస్తున్నారు? ఆ మీసాల మనిషి ఏదో అన్నాడు. చీకట్లో పెదాలు సరిగా అందలేదు, "బహరే" అన్న ఒక్క ముక్క తప్ప. చెవిటోడివా అని అడుగుతున్నాడు.

సింధూజ ఆ మనిషికి చేతులు జోడించి ఏదో చెప్పింది. తర్వాత ఫోన్ తీసి, ఆ వెలుగు తన ముఖం మీద పడేలా గడ్డం కింద పట్టుకొని, ఒక్కొక్క మాటా విడదీసి పలికింది.

"పెద్దబాపూ. ఆయన. ఇంతసేపు. మాట్లాడుతనే. ఉన్నడు. ముసుగు. వెనకనుంచి."

సోమలింగానికి ఒళ్లంతా చెమట పట్టింది. ఈ ఒక్క సినిమాయేనా? ఏళ్ల తరబడి చాయ్ బండి దగ్గర చీల్చి చెండాడిన వాటిలో ఎన్నింట్లో ముసుగులున్నాయి, ఎన్నింట్లో పెదాలకూ మాటకూ పొత్తులేని డబ్బింగులున్నాయి! మాటలు లేవని తిట్టిన సినిమాల్లో మాటలు ఉన్నాయన్నమాట. అందరికీ వినబడ్డాయన్నమాట. మిగతా సినిమా అంతా ఆయన తెర వైపు కాక మోకాళ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు.

వారం రోజులు ముద్ద దిగలేదు. మగ్గాల మధ్య నడుస్తూ ఒకే మాట నెమరువేసుకున్నాడు. "బిడ్డా, తప్పు సినిమాది కాదు, నా చెవులది. నేనన్న మాట వాపస్ తీసుకుంటున్న." ఇంతే కదా. చిన్న మాటే.

ఆదివారం హాలు నిండింది. సంఘం అధ్యక్షుడు లక్ష్మీరాజం మైకు ఆయన చేతికిస్తూ, "చెప్పు మాస్టరూ, నీ చెవి బంగారమాయె, నీకు తెల్వంది ఏముంది?" అన్నాడు.

ఆ ఒక్క ముక్కతో సోమలింగం నెమరువేసుకున్న మాటంతా మరిచాడు. కారిగర్లంతా ఎదురుగా ఉన్నారు. కిందటేడు పోచమ్మ పండుగనాడు చెవులు పోయిన లస్మయ్యను "ఓ రేడియో" అని పిలిచి అందరినీ నవ్వించింది తనే. ఆ లస్మయ్య కూడా మూడో వరసలో కూర్చొని, మైకు వైపు కాక ఆయన నోటివైపే చూస్తున్నాడు.

"సూసిన," అన్నాడు సోమలింగం. "దాంట్ల ఏం లేదు. లొల్లి తప్ప మాట లేదు."

తన నోరే ఆ మాట అన్నదని ఆయనకే నమ్మబుద్ధి కాలేదు. ఇక పిల్ల లేస్తుంది, థియేటర్లో జరిగింది చెబుతుంది, తన బతుకు బజారున పడుతుంది అనుకున్నాడు. సింధూజ లేచింది. జనం వైపు తిరగలేదు. ఆయన వైపే తిరిగి, నోరు బాగా తెరిచి, నెమ్మదిగా, ప్రతి అక్షరమూ ఆయనకు అందేలా చెప్పింది.

"పెద్దబాపు చెప్పిందే నిజం. ఆ సినిమాల మాటలు సరిగ వినబడయి. పాతదే వేసుకుందాం."

చప్పట్లు కొట్టారు జనం. సోమలింగం మైకు ఎవరి చేతిలో పెట్టాడో కూడా చూసుకోలేదు.

ఇంటికి వచ్చాక స్వరాజ్యం ఎప్పటిలా ఎదురుగా వచ్చి నిలబడింది. ఈసారి చేతిలో గరిటె లేదు.

"తల్లి లేని పోరిని ఒకసారి ముంచినవ్. అది నిన్ను కాపాడింది. ఇయ్యాల మళ్ల ముంచినవ్. సిగ్గనిపిస్తలేదా?"

"ఎవ్వలికీ తెల్వదు గదనే..."

"ఎవ్వలికి తెల్వదయ్యా? మన గల్లీ గణపతి, ఆయన పెండ్లాం మన వెనక రెండో వరసలనే కూసున్నరు. సోమారం పొద్దటికల్లా గల్లీ అంతా ఎర్కయింది. నీ చెవుల సంగతి నాకు పదేండ్ల సంది ఎర్కే. గా చప్పట్లు నీకు గాదు, నువ్వు అబద్ధం ఆడుతుంటే నీ ఇజ్జత్ కాసిన పోరికి."

అంటే హాలు హాలంతా తెలిసీ తనని చూస్తూ కూర్చుంది. లక్ష్మీరాజం ఒక్కడే పాపం తెలియక అన్నాడేమో. లేక తెలిసే అన్నాడేమో! ఒప్పుకునే వీలు చేతికిచ్చినా ఒప్పుకోలేదని వాళ్లంతా ఇళ్లకు పోయి చెప్పుకుంటూ ఉంటారు. భూమి బద్దలైతే బాగుండు అనిపించింది. కానీ కార్ఖానా ఉంది, పొద్దున షిఫ్టు ఉంది, ఆ ముఖాలే ఉన్నాయి.

అన్నం కూడా తినకుండా బస్సెక్కి, తాపీ నది దాటి అమ్రోలి వెళ్లాడు. శ్యాంసుందర్ డ్యూటీకి పోయాడు. సింధూజ తలుపు తీసి, ఏమీ అడగకుండా కుర్చీ వేసి, ట్యూబులైటు వేసి, తను ఆ వెలుగులో ఎదురుగా కూర్చుంది. పట్టపగలే లైటు ఎందుకు వేసిందో ఆయనకు అర్థమైంది.

"గా ముసుగోడు తల్లితోని ఏమన్నడు బిడ్డా?" అని అడిగాడు. క్షమించమని అడుగుదామని వచ్చాడు, నోట్లోంచి ఇది వచ్చింది.

ఆమె కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది.

"చిన్నప్పుడు వాళ్ల ఇల్లు అంటుకుంటది పెద్దబాపూ. తల్లి లోపట చిక్కుకొని పిలుస్తది. వాడు భయపడి ఉరుకుతడు. ఎవరో ఆమెను గుంజి బతికిస్తరు. గన్నేండ్లు చెప్పలేదు. గా ఆస్పత్రిల చెప్తడు. 'అమ్మా, నువ్వు పిలుస్తనే ఉన్నవ్. నాకు వినబడ్డది. వినబడనట్టు పోయిన,' అంటడు. దానికి ఆమె, నాకు తెలుసు అంటది."



"అమ్మ పోయిన రోజు నాకు రెండుసార్లు ఫోన్ చేసింది," అంది సింధూజ. "మార్కెట్ల గిరాకీ ఉండె. నేను ఎత్తలే. గందుకే నాకప్పుడు ఏడుపు రాలే పెద్దబాపూ. ఏడిచే హక్కు నాకు లేదనుకున్న. గా సినిమాల ఆమె 'తెలుసు' అన్నంక వచ్చింది."

సోమలింగానికి తల దించుకోవాలనిపించింది. నేలలోకి, కుర్చీ కిందికి, ఎక్కడికైనా చూడాలనిపించింది. కానీ దించితే ఆ పిల్ల మాట పోతుంది. ఇన్నేళ్లూ పోగొట్టుకున్నది చాలదా? ఆమె పెదాలు ఇంకా కదులుతున్నాయి. కళ్లలో నీళ్లు అడ్డం పడితే ముంజేత్తో తుడుచుకొని, తల ఎత్తే ఉంచి, ఆమె ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు.