మామిడి లారీ యాక్సిలరేటర్

నా హస్తవాసి మీద నాకు అప్పట్లో విపరీతమైన గర్వం. ఎనభైల్లో మాట. నూజివీడులో విస్సన్నపేట రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని లారీలు బాగుచేసేవాణ్ణి. నేను చెయ్యి పెట్టిన బండి అదే జబ్బుతో మళ్లీ నా గుమ్మం తొక్కదని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకునేవాణ్ణి. ఆ నోరు మూయించింది ఒక మామిడికాయల లారీ.

ఆ లారీ ఊళ్లో ఒక మామిడి షావుకారు గారిది. దాని డ్రైవరు నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడు, బాబాయ్ అని పిలిచేవాణ్ణి. పెళ్లి కాకముందు నుంచీ ఆ ఒక్క షావుకారు దగ్గరే పని. ఆగిరిపల్లి తోటల్లో కాయ ఎత్తుకుని విజయవాడ తోలేవాడు. ఆ వేసవి కాపు మొదలైన దగ్గర్నుంచీ బండికి ఒకటే రోగం. యాక్సిలరేటర్ మీద కాలు తీసినా పెడల్ పైకి రాదు, ఇంజను అరుస్తూనే ఉంటుంది. నిండు లోడుతో బండి అలా పరుగెడితే ఎదురొచ్చేవాడి గతేమిటి?

పెడల్ నుంచి ఇంజను దగ్గరి డీజిల్ పంపు దాకా ఒక కేబుల్ పోతుంది. స్కూటరు క్లచ్ కేబుల్ లాంటిదే, కాస్త లావు. లోపలి ఉక్కు తీగ దాని తొడుగులోనే పట్టేస్తోంది. కాపుకు ముందు నేనే వేసిన కేబుల్ పీకి కొత్తది వేశాను. ఎప్పట్లాగే మా గురువు నేర్పిన పద్ధతి ప్రకారం కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు కొత్త సామాను మీద పోసి, బొట్టు పెట్టి పంపాను. పది రోజులకు బండి మళ్లీ వచ్చింది. దిష్టి తగిలిందనుకుని, ఇంకో కేబుల్ వేసి ఈసారి రెండు కాయలు కొట్టాను.

అయినా మనసు ఊరుకోక ఒక కారణం వెతికాను. కోసిన కాయ తొడిమ దగ్గర సొన కారుతుంది కదా, ఒంటికి తగిలితే పొక్కుతుంది. లోడెత్తేటప్పుడు డ్రైవరు కూడా ఒక చెయ్యి వేసేవాడు, సొన తొక్కిన కాళ్లతోనే బండెక్కేవాడు.

"సొన కాళ్లతో ఎక్కితే అది పెడల్ మీంచి కేబుల్లోకి దిగదా బాబాయ్?" అని గదమాయించాను.

ఆయన ఆ రోజు నుంచీ సబ్బుతో కాళ్లు కడుక్కుని గానీ బండెక్కలేదట. అయినా మూడోసారి ఆగిరిపల్లి మలుపులో పెడల్ పట్టేసింది. ఇంజను ఆపేసి బండిని పక్కకు లాగేసరికి ముందు చక్రం కాలవలో దిగింది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. బండిని మళ్లీ నా షెడ్డుకే లాక్కొచ్చారు.

మర్నాడు పొద్దున్నే షావుకారు షెడ్డుకు వచ్చాడు. వెనకాలే డ్రైవరు.

"ఏమయ్యా మేస్త్రీ, తప్పు కేబుల్‌దా, తొక్కేవాడిదా?"

"కేబుల్ కొత్తదేనండీ. కాలు బరువైతే ఏ కేబులైనా ఏం చేస్తదండీ" అన్నాను.

నా హస్తవాసి కాపాడుకోవడానికి అన్న మాట అది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"అయితే రేపట్నుంచి వేరే డ్రైవర్ని పెట్టుకుంటాను. నువ్వు బండి సిద్ధం చెయ్" అనేసి షావుకారు మండీకి వెళ్లిపోయాడు. కాపు మధ్యలో పని పోయిన డ్రైవర్ని ఇంకెవరు పెట్టుకుంటారు? డ్రైవరు క్యాబిన్‌లోకి ఎక్కి తన దుప్పటి, టిఫిన్ క్యారియరు సర్దుకోసాగాడు.

అన్న మాట లోపల గుచ్చుతుంటే బండిలోది విప్పి, పాతవి రెండిటితో కలిపి మూడు కేబుళ్లూ రంపంతో కోశాను. కాలు బరువైతే తీగ కొసన తెగాలి. ఇవి మూడూ ఒకే చోట, పెడల్‌కు జానెడు కింద, తుప్పు పట్టి జిగటగా కరుచుకుపోయి ఉన్నాయి. పైగా బండిలో పెడల్ మీంచి కేబుల్ తొడుగు మూతి దాకా చీమల బారు. డీజిల్ కంపులో చీమలకేం పని? ఏదో తీపి దిగుతోంది. సొన తీపి కాదే!

ఎంత ఆలోచించినా అందలేదు. కొత్త కేబుల్ బిగించాను. అలవాటుగా కొబ్బరికాయ కొట్టి, పెడల్ మీద నీళ్లు పోశాను. ఆ నీళ్లు పెడల్ కాడ వెంట జారి తిన్నగా కేబుల్ మూతిలోకి దిగిపోయాయి. నా కళ్లముందే. కొబ్బరి చిప్పలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను ఆ ఈశ్వరుడి పేరు చెప్పే దొంగతనం చేస్తున్నాను.

నోరు మూసుకుని ఇంకో కేబుల్ వేసి, మూతికి రబ్బరు తొడిగేస్తే ఎవరికీ తెలియదు. బండి బాగా నడుస్తుంది. కొత్త డ్రైవరు మంచివాడంటారు, నేను గట్టి మేస్త్రినంటారు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. కానీ క్యాబిన్‌లోంచి ఆయన దుప్పటి చంకన పెట్టుకుని దిగుతుంటే చూడలేకపోయాను. చెయ్యి పట్టుకుని మండీకి తీసుకెళ్లాను.

కోసిన కేబుళ్లు షావుకారు ముందు పెట్టి అంతా చెప్పాను.

"మరి కాలు బరువన్నావు?"

"అబద్ధమండీ. నా తప్పు కనపడక ఆయన నెత్తిన రుద్దాను."

షావుకారు "కొబ్బరికాయలు టైరు దగ్గర కొట్టుకోవయ్యా, దేవుడు అక్కడా ఉంటాడు" అని డ్రైవరు వైపు తిరిగాడు. "సాయంత్రం లోడుంది. వెళ్లి చూసుకో."

తిరిగి వస్తూ దారిలో డ్రైవరు నెమ్మదిగా చెప్పాడు. "నా కాలే పాడైందనుకున్నా మేస్త్రీ. ఇంట్లో కాలి కింద దిండు పెట్టుకుని మెల్లగా తొక్కడం నేర్చుకుంటన్నా. మా ఆవిడ చూసి ఏడ్చింది."

"తప్పయింది బాబాయ్" అన్నాను. ఆయన నా భుజం తట్టాడు.

ఇంకో కేబుల్ వేసి, మూతికి రబ్బరు బిగించి, ఊరి చివరిదాకా నేనూ పక్కన కూర్చుని వెళ్లాను. చదును రోడ్డు వచ్చాక ఆయన గట్టిగా తొక్కి కాలు తీశాడు. పెడల్ టక్కున పైకి లేచింది. మళ్లీ తొక్కాడు, మళ్లీ లేచింది. అప్పుడు ఒకసారి వంగి తన పాదాన్ని చూసుకుని నవ్వుకున్నాడు.