నీలం తలుపు, అయిదు మెట్లు

ఇంగ్లండులో సముద్రం పక్కనున్న ఆ ఊరికి నేను వెళ్లింది పనిమనిషిగా. కరోనా తగ్గిన తర్వాతి ఎండాకాలం, దుబాయ్ పక్కనున్న అజ్మాన్‌లో నేను పనిచేసే ఇంటివాళ్లు పిల్లలకు ఇంగ్లీషు నేర్పించాలని మూడు వారాలు అక్కడ ఇల్లు అద్దెకు తీసుకున్నారు. పిల్లల వెనక తిరగడానికి నన్నూ తీసుకెళ్లారు.

ఊరి పేరు చెప్పగానే, పక్కవీధి ఇంట్లో వంట చేసే అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమెదీ మా గోదావరి వైపే. ఇరవై ఏళ్ల కిందట దుబాయ్‌లో ఒక ఇంగ్లీషు కుటుంబం దగ్గర పనిచేసిందట. వాళ్ల ముసలి తల్లిని చూసుకోవడానికి అక్కను ఆ ఊరికే పంపారట. ఆర్నెల్లు ఉండి వచ్చింది.

"గడియారం స్తంభం కాడ సముద్రానికి వీపు పెట్టి నిలబడు. ఎదురుగా వీధి పైకెల్తాది. చర్చి దాటాక ఎడం పక్క మూడో ఇల్లు. నీలం తలుపు, అయిదు మెట్లు. ఉందో పడగొట్టేశారో చూసి ఒక్క ఫోటో తియ్యవే. ఆ ముసలమ్మ పొద్దున్నే టీ పెట్టి నాకిచ్చేది. ముప్పై ఏళ్లుగా అందరికీ టీలు పెడతన్నాను. నాకు పెట్టింది ఆవిడొక్కతే" అంది.

"తీస్తానక్కా, అదెంత పని" అన్నాను.

నిజంగానే పెద్ద పనేం కాదు. గడియారం స్తంభం మేమున్న ఇంటికి పది నిమిషాల నడక. రోజూ పిల్లల్ని దాని పక్కనుంచే తీసుకెళ్లేదాన్ని. ఇసుక లేని ఒడ్డు, అన్నీ గులకరాళ్లే. ఒడ్డు పొడుగునా ఒకదానికొకటి ఆనుకుని పాత తెల్లమేడలు, ఉప్పుగాలికి పెచ్చులూడిన గోడలు, తుప్పు పట్టిన ఇనుప కటకటాలు. ఎండ వచ్చిందని అక్కడివాళ్లు చొక్కాలు విప్పి పడుకుంటే, నేను రెండు స్వెట్టర్లు వేసుకుని వణికేదాన్ని. సముద్రంలోకి కట్టిన చెక్క వంతెన మీద పిల్లలు పరిగెత్తేవాళ్లు, వెనకే నేను. ఆ పైకెళ్లే వీధి రోజూ కనబడేది. రేపు చూద్దాంలే అనుకునేదాన్ని.

చివరి వారంలో మేడం ఒక సాయంత్రం గంటన్నర సెలవిచ్చింది. ఇన్నేళ్లలో ఎవరి పిల్లల చెయ్యీ పట్టుకోకుండా సముద్రం ఎదుట కూర్చోవడం అదే మొదలు. వేడివేడి బంగాళాదుంప ముక్కలు కొనుక్కున్నాను. వాటిమీద పుల్లటి వెనిగర్ పోసిచ్చారు. చేతిలో ముక్కను ఒక పక్షి తన్నుకుపోతే నాలో నేనే నవ్వుకున్నాను. అలా కూర్చుండిపోయాను. వీధి నా వెనకే ఉంది. ఎక్కడానికి బద్ధకం వేసింది. ఎంత తవ్వుకున్నా ఇంకో కారణం దొరకదు.

బయల్దేరే రోజు మేడం "యల్లా, యల్లా" అని తొందరపెడుతుంటే, కారు ఆగిన చోట ఎవరింటికో నీలం తలుపు కనబడింది. కిటికీలోంచి ఫోటో తీశాను.

తిరిగొచ్చాక సెలవునాడు అజ్మాన్ ఒడ్డున బెంచీ మీద కలుసుకున్నాం.

"ఎల్లావా?" అంది అక్క.

"ఎల్లానక్కా. ఇదిగో."

ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "మెట్లు మూడే ఉన్నాయేంటే?"

అప్పుడైనా చెప్పాల్సింది. నా నోరు పడిపోను, "రోడ్డు ఎత్తు చేసుంటారక్కా" అన్నాను.

మా ఊళ్లలో రోడ్డు వేసినప్పుడల్లా ఇంటి ముందు ఒక్కో మెట్టూ పూడిపోవడం ఇద్దరం చూసినదే. అక్క వెంటనే నమ్మింది. "అవునే, ఎక్కడైనా అంతే" అంటూ ఆ తలుపును వేలితో నిమిరింది. కళ్లు తుడుచుకుంది. నేను సిగ్గుతో సముద్రం వైపు తిరిగాను.

ఆ ఫోటో ప్రింటు తీయించి మంచం పక్కన పెట్టుకుంది. మరుసటి ఏడు మోకాళ్లు మొండికేసి, ఇక ఖలాస్ అని ఇంటికి ప్రయాణమైంది. సాగనంపడానికి వెళ్లాను. పెట్టెలో చీరల మధ్య ఫోటో సర్దుతుంటే, ఆ ఇంట్లోనే పనిచేసే కడప ఆవిడ ఎవరిల్లు అని అడిగింది.

"నేనున్న ఇల్లే" అంది అక్క. "ఈ మూడు మెట్లూ రోజూ పొద్దున్నే నేనే కడిగేదాన్ని."

అయిదని ఇప్పుడు నాకొక్కదానికే గుర్తుంది.